పూటకూటి ఇంటికి పీట వేసిన చరిత్రకారుడు

ఒక జాతి చరిత్రము వ్రాయబూనినవారు సాధారణముగా కోటగుమ్మము నుండి లోనికి ప్రవేశింతురు. ఏ రాజు ఏ సంవత్సరమున పట్టాభిషిక్తుడైనాడు, ఎవరిపై దండెత్తినాడు, ఎన్ని అగ్రహారములు దానము చేసినాడు అను వివరములు వారికి ముఖ్యములు. శాసనములు అట్టి సంగతులనే చెప్పును. కావ్యముల అవతారికలు అట్టి సంగతులనే పొగడును. ఆ రాజు ఏలిన పట్టణములో పొద్దున బయలుదేరి వీధులు తిరిగిన ఇద్దరు స్నేహితులకు మధ్యాహ్నము ఆకలివేసినప్పుడు వారెక్కడ కూర్చుండి భోంచేసినారు, ఏమేమి తిన్నారు, ఎంత ఇచ్చుకొన్నారు అను ప్రశ్న చరిత్రకారుని గౌరవమునకు తగినది కాదని చాలకాలము అనుకొన్నారు. తెలుగునాట ఆ ప్రశ్నకు గౌరవము కలిగించి, దాని సమాధానమును వెదకి గ్రంథస్థము చేసిన మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డిగారు.

వారిని గోలకొండ పత్రిక సంపాదకులుగా కొందరు, గోలకొండ కవుల సంచిక సంకలనకర్తగా కొందరు, ఆంధ్ర మహాసభ ప్రథమాధ్యక్షులుగా మరికొందరు స్మరింతురు. ఆంధ్రుల సాంఘిక చరిత్రము వ్రాసినవారుగా అందరును ఎరుగుదురు. ఆ గ్రంథములో రాజసభల ప్రక్కనే పూటకూటి ఇంటికిని పీట వేసి కూర్చుండబెట్టినారన్న సంగతి చిన్నదిగా తోచవచ్చును. కాని వారి చరిత్రదృష్టి అంతయు ఆ చిన్న సంగతిలోనే ఇమిడియున్నది. వారి జీవితమును ఆ కోణమునుండి చూచినచో, ఒక పల్లెటూరి బాలుడు తన జాతి కథను అన్నపు విస్తరి చెంత ఎట్లు కనుగొన్నాడో తెలియగలదు.

నడిగడ్డ బిడ్డ

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన బోరవెల్లి గ్రామములో జన్మించినారు. అది వారి తల్లి రంగమ్మగారి పుట్టిల్లు. తండ్రి నారాయణరెడ్డిగారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. రెండును అలంపురము ప్రాంతపు గ్రామములే. ఒకవైపు కృష్ణ, ఒకవైపు తుంగభద్ర పారుచుండగా నడుమ నున్న నేల కావున ఆ భూమికి నడిగడ్డ అను పేరు వచ్చినది. ఆ రోజులలో అది నిజాము రాజ్యమున రాయచూరు జిల్లాలోనిది. 1956లో మహబూబునగరము జిల్లాలో చేరినది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలోనికి వచ్చినది.

ఆ సీమ చుట్టును సంస్థానములు. ప్రక్కనే గద్వాల, కృష్ణ దాటినచో వనపర్తి, ఆత్మకూరు, తూర్పున నేటి నాగరుకర్నూలు జిల్లాలోని కొల్లాపురము రాజధానిగా జటప్రోలు. పండితులను ఆదరించుటలో ఈ సంస్థానములు ఒకదానితో నొకటి పోటీపడినవి. గద్వాలకు విద్వద్గద్వాల అను ప్రసిద్ధి ఊరక రాలేదు. తిరుపతి వేంకట కవులవంటి వారు కోస్తా నుండి బయలుదేరి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు వచ్చి అవధానములు చేసి సన్మానములు పొందినారు. పండితుడు వచ్చినచో విడిది, స్వయంపాకము లేక విందు, పోవునప్పుడు శాలువ, నూటపదహార్లు - ఇది అక్కడి మర్యాద.

అయితే ఆ మర్యాద పండితునికి. అదే బాటను బండి తోలుకొని వచ్చిన రైతుకు, మూట నెత్తిన పెట్టుకొని సంతకు పోవు నేతగానికి ఎవరు విడిది చూపుదురు? వారు మూటలోని జొన్నరొట్టెను విప్పి, పచ్చిమిరప తొక్కుతో చెట్టునీడను తినవలసినదే. లేదా ఊరి వెలుపల కల్లు దుకాణము దగ్గర స్నేహితులతో కూర్చుండి ఇన్ని గుడాలు నోట వేసికొని ముంతెడు కల్లు త్రాగవలసినదే. సంస్థానపు విందు ఒకటి, చెట్టుక్రింది జొన్నరొట్టె ఒకటి. ఈ రెండింటికి నడుమ పెరిగినవాడు ప్రతాపరెడ్డిగారు. పాలమూరు సీమ వర్షము చాలని సీమ. కూలికై ఊరు విడిచి దేశము మీద పోయి, పరాయి నేలమీద పొయ్యి రాజేసికొను జనము అక్కడ తరతరములుగా కలరు. ఇల్లు విడిచిన వానికి అన్నమెక్కడ అను ప్రశ్న అచటివారికి పుస్తకములలో చదివి తెలిసికొనవలసినది కాదు.

చిన్నతనముననే తండ్రి గతించుటచేత ప్రతాపరెడ్డిగారి చదువు భారము పినతండ్రి రామకృష్ణారెడ్డిగారిపై పడినది. వారు తుంగభద్రకు ఆవలి ఒడ్డున కర్నూలులో న్యాయవాదులు. కర్నూలు ఆనాడు మద్రాసు రాజధానిలోనిది. ఏరు దాటినచో ప్రభుత్వము మారును, నాణెము మారును, కచేరీ భాష మారును. వీధిలో వినవచ్చు తెలుగు మాత్రము మారదు. ఇది ఆ బాలుని మనస్సులో నాటుకొనియుండిన మొదటి చరిత్రపాఠమని చెప్పవచ్చును. తరువాత హైదరాబాదు నిజాము కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి బి. ఏ. పట్టమును, న్యాయశాస్త్రమున బి. ఎల్. పట్టమును పొందినారు. మద్రాసున వేదము వేంకటరాయశాస్త్రిగారి సాన్నిధ్యము లభించినది. ఒక పదమును చేతబట్టినచో దాని నిగ్గు తేలువరకు విడువని పట్టుదల ఆ గురుసన్నిధిలో బలపడినది.

సంస్కృతాంధ్రములతోపాటు ఉర్దూ, పారసీక, ఆంగ్లములు కూడ వారికి వశమైనవి. ఇన్ని భాషలు వచ్చిన న్యాయవాదికి ఆ రోజులలో ధనార్జన కష్టము కాదు. కాని వారి దారి వేరైనది.

వసతిగృహము - వంటయిల్లు

వనపర్తి ప్రాంతమునందలి రాయనిపేటలో పుట్టి, పోలీసు శాఖలో చేరి, హైదరాబాదు నగర కొత్వాలు పదవికెక్కిన రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారు 1918లో సంస్థానాధీశుల, దాతల తోడ్పాటుతో రెడ్డి హాస్టలును స్థాపింపజేసినారు. పల్లెలనుండి రాజధానికి చదువుకొనవచ్చు తెలుగు పిల్లలకు పాఠశాలలో చోటు దొరకుట ఒక కష్టమైనచో, పట్టెడన్నము దొరకుట అంతకు మించిన కష్టము. బంధువుల యింట ఎన్నాళ్ళని తినగలరు? పరాయి భాష మాట్లాడు నగరములో తలదాచుకొన చోటు లేక, తిండి సరిపడక, బడి మాని ఊరు చేరిన పిల్లలెందరో! హాస్టలు అనునది ఆ కాలమున బడికంటె ముందు కావలసిన వస్తువు.

1924లో వెంకటరామారెడ్డిగారి కోరికపై ప్రతాపరెడ్డిగారు ఆ హాస్టలు కార్యదర్శి బాధ్యతను స్వీకరించినారు. వంటకు సరకులు, పిల్లల ఆరోగ్యము, లెక్కలు, క్రమశిక్షణ - ఇవన్నియు ఆ పదవికి అంటుకొనియున్న పనులే. పండితుడైనవానికి ఇది చిల్లరపనిగా తోచవచ్చును. వారికట్లు తోచలేదు. అన్నశాలతోపాటు గ్రంథశాలను పెంచినారు. పిల్లలకు తెలుగుపై ప్రీతి కలిగించినారు. వేర్వేరు జిల్లాల నుండి వచ్చిన బాలురు ఒకే వరుసలో కూర్చుండి ఒకే పప్పు, ఒకే పులుసు తినుచు మాట్లాడుకొనునప్పుడు తాము ఒక జాతివారమను తలంపు కలుగును. ఉపన్యాసము చేయలేని పని సహపంక్తి భోజనము చేయును. తెలంగాణ ప్రజోద్యమములలో తరువాత నాయకత్వము వహించిన రావి నారాయణరెడ్డిగారివంటి వారు ఆ హాస్టలులో చదివినవారే.

హాస్టలు గోడలకు వెలుపల నగరము తన విధముగా తాను భోంచేయుచుండెను. ఇరాను దేశమునుండి వలసవచ్చినవారు పెట్టిన హోటళ్ళలో చలువరాతి బల్లల చుట్టు కూర్చుండి, ఒక్క కప్పు చాయతో గంటలకొలది మాట్లాడుకొనుట హైదరాబాదు జీవితములో భాగమైనది. పత్రికలవారు, కవులు, విద్యార్థులు, వకీళ్ళు అక్కడనే కలిసికొనెడివారు. పూటకూటి ఇల్లు పేరు మార్చుకొని, వేషము మార్చుకొని, నగరము నడిబొడ్డున కొనసాగుచుండెను.

పత్రిక - కవుల సంచిక

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాట్లాడబోగా సభలోనివారు గేలిచేసినారు. ఆ అవమానమునుండి పుట్టినదే ఆంధ్ర జనసంఘము. తెలుగువారు అధికసంఖ్యాకులుగా నున్న రాజ్యములో తెలుగు మాట నవ్వులపాలగుట ఆనాటి స్థితి. ఇట్టి వాతావరణములో ప్రతాపరెడ్డిగారు 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రికను ప్రారంభించినారు. వార్త వ్రాయుట, అచ్చుతప్పులు దిద్దుట, చందాలు అడుగుట వరకు సంపాదకునిదే పని. ప్రభుత్వపు కన్ను ఎప్పుడును పత్రికమీదనే. అయినను నిజాము రాష్ట్రమున మారుమూల గ్రామమునకు సహితము తెలుగు అక్షరము ఆ పత్రికతో చేరినది. 1930 మార్చిలో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు వారు అధ్యక్షత వహించినారు.

తెలంగాణమున కవులు లేరని ఒకరు అపవాదు వేయగా, వాదమునకు వాదము వ్రాసి ఊరకుండక, 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించినారు. లేదన్నవానికి చూపుటయే సమాధానమని వారి పద్ధతి. ఈ పద్ధతియే పదునైదేండ్ల తరువాత మరింత పెద్ద ప్రశ్నకు సమాధానము చెప్పినది. ఆ ప్రశ్న ఏది? రాజులు కాని తెలుగువారికి చరిత్ర కలదా, లేదా అనునదే.

భక్ష్యవిశేషము చాలదు

ఆంధ్రుల సాంఘిక చరిత్రము 1949లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురణగా వెలువడినది. అప్పటికి హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసి ఇంకను రెండేండ్లు నిండలేదు. ఆ గ్రంథము చాళుక్యుల కాలము మొదలు 1907 వరకు తెలుగువారి ఇల్లు, బట్ట, పంట, తిండి, ఆట, పాట, నమ్మకము, మౌఢ్యము, వర్తకము, శిక్షలు అన్నింటిని పరామర్శించినది. రాజుల పేర్లు అందులో కాలమును గుర్తించు గుంజలు మాత్రమే. ఆ గుంజలకు కట్టిన పందిరి క్రింద ఉన్నది జనము.

ఇందుకు ఆధారములు ఎక్కడ దొరకును? శాసనములలో కొంచెము, విదేశ యాత్రికుల వ్రాతలలో కొంచెము. మిక్కిలిగా దొరకినది కావ్యములలోనే. పాల్కురికి సోమనాథుని గ్రంథములు, శ్రీనాథుని కృతులు, కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద, కదిరీపతి శుకసప్తతి, నారాయణామాత్యుని హంసవింశతి మున్నగువానిని వారు క్రొత్తదృష్టితో చదివినారు. పండితులు అలంకారమును చూచిన చోట వారు అంగడిని చూచినారు. వర్ణనకు మెచ్చుకొని పుట త్రిప్పవలసిన పద్యమువద్ద ఆగి, ఆ వంటకము దేనితో చేసినది, దానిని ఎవరు తిన్నారు, నేడు ఏ జిల్లాలో ఏ పేరుతో పిలుచుచున్నారు అని విచారించినారు.

ఇక్కడ నిఘంటువులు వారికి తోడుపడలేదు. పూర్వకావ్యములలోని తినుబండారపు పేరు వచ్చినచో భక్ష్యవిశేషమని, ఆట పేరు వచ్చినచో క్రీడావిశేషమని వ్రాసి నిఘంటుకారులు చేతులు దులుపుకొన్నారు. ఆ రెండు మాటలు ప్రతాపరెడ్డిగారికి ఆవేదన కలిగించినవి. ఆవేదనకు కారణము చిన్నది కాదు. ఒక వంటకము పేరుండి దాని రూపము తెలియకపోవుట యనగా, దానిని వండిన చేతులు, తిన్న నోళ్ళు, ఆ రుచి - అన్నియు మరపున పడిపోవుటయే. పదము మిగిలి ప్రపంచము పోయినది. ఆ ప్రపంచమును తిరిగి పట్టుకొనుటకు వేర్వేరు సీమల వారిని అడిగి, మారుమూల మాటలను పోల్చి చూచి, తేలనిదానిని తేలలేదని ఒప్పుకొన్నారు.

ఓరుగల్లులో ఒక రూక భోజనము

ఆ గ్రంథములోని కాకతీయుల కాలపు ప్రకరణమునకు క్రీడాభిరామము ఒక గొప్ప గని. తాళపత్రములలో మరుగుపడియున్న ఆ వీథినాటకమును ఇరువదవ శతాబ్ది ఆరంభమున మానవల్లి రామకృష్ణకవిగారు వెలికి తెచ్చినారు. కర్త వినుకొండ వల్లభరాయడని గ్రంథము చెప్పుచుండగా, శ్రీనాథుడే యని వాదించినవారును కలరు. కాకతీయ రాజ్యము 1323లో కూలిన తరువాతి రచనయే యైనను, రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమును అనుసరించినది కావున ఓరుగంటి వైభవము అందులో నిలిచియున్నది.

ఆ నాటకములో కథ అని చెప్పదగినది స్వల్పము. మంచనశర్మ యను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టి యను వైశ్యుడును స్నేహితులు. ఇద్దరును ఓరుగల్లు వీధులు తిరుగుదురు. కోళ్ళ పందెములు, పొట్టేళ్ళ పోట్లాటలు, దేవతల కొలువులు, అంగళ్ళు, ఆటకత్తెలు - కనబడినదెల్ల చూతురు. ఆ తిరుగాటలో భోజనవేళకు లక్ష్మణవజ్ఝల అను నాతని పూటకూటి ఇంటి ప్రస్తావన వచ్చును. ఒక రూక యిచ్చినచో అచ్చట లభించు భోజనము ఇది: సన్నబియ్యపు అన్నము, కమ్మని గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డలుగా తోడుకొన్న పెరుగు.

ఈ పద్యము పండితులకు ముందునుండి తెలిసినదే. దానిని రుచిగల చాటువుగా చదివి ఆనందించినవారే అందరును. ప్రతాపరెడ్డిగారు దానిని సాక్ష్యముగా చదివినారు. ఆ దృష్టితో చూచినచో ఒక్కొక్క పదార్థమును ఒక్కొక్క కథ చెప్పును. అన్నముతోపాటు గోధుమవంట వడ్డించుటచే గోధుమ ఆ పట్టణమునకు కొరతలేక వచ్చుచుండెనని తెలియును. పంచదార కొలుచుటకు గుప్పెడే చాలినదనగా అది విరివిగా వాడు సరకు కాదని ఊహింపవచ్చును. నేయి అప్పుడే కాచినదని ప్రత్యేకముగా చెప్పుటలో నిలువ నేయి పోయువారును ఉండిరను సూచన కలదు. వెల ముందే నిర్ణయమైనది. వెల నిర్ణయమైన భోజనము ప్రతిదినము పెట్టవలెనన్నచో ప్రతిదినము తినవచ్చువారు ఉండవలెను. అట్టి జనసంచారము, రహదారి, వర్తకము, చెలామణిలో నున్న నాణెము, పరదేశి భయములేక కూర్చుండగల శాంతి - ఇన్ని కూడిననే గాని ఒక పూటకూటి ఇల్లు నిలువదు. శాసనము చెప్పని పట్టణమును ఒక విస్తరి చెప్పినది.

పూటకూడు అను మాటలోనే దాని స్వభావము కలదు. కూడు అనగా అన్నము. పూటకింత యని పైకము పుచ్చుకొని పెట్టు కూడు పూటకూడు. తెలుగుదేశమున అన్నము పెట్టు తావులు మూడు. చుట్టమింట అన్నము ప్రేమతో వచ్చును. తిరిగి పెట్టవలసిన ఋణము దానివెంట వచ్చును. సత్రములో అన్నము పుణ్యముకొరకు పెట్టబడును. తినువాడు యాచకుని వలె తలవంచవలసియుండును. పూటకూటి ఇంట మాత్రము రూక ఇచ్చినవాడు తలయెత్తుకొని తినును. లేచిపోవునప్పుడు ఎవరికిని ఋణపడడు. ఇద్దరు స్నేహితులు ఇల్లు, కులపెద్ద, అతిథిధర్మము అను మూడింటి బరువును దింపుకొని, కేవలము స్నేహితులుగా కూర్చుండగలిగిన తావు అదియే. కావుననే క్రీడాభిరామపు స్నేహితులు మనకంత దగ్గరివారుగా తోతురు.

ఈ ఇండ్లను నడుపువారిలో దిక్కులేని స్త్రీలును ఉండిరి. బ్రతుకుతెరువు లేని వితంతువునకు పొయ్యియే పెట్టుబడి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో పూటకూళ్ళమ్మను చూచి నవ్వనివారు లేరు; కాని ఆ నవ్వు వెనుక ఒక స్త్రీ తన చేతివంటతో తన కాళ్ళమీద తాను నిలిచిన సంగతి ఉన్నది. సాంఘిక చరిత్రమను దృష్టి అలవడిన తరువాత ఆ పాత్రను చదువు తీరే మారును.

జొన్నకూడు, రాచవిందు

రుచికరమైన పద్యములు దొరకినంతమాత్రమున పూర్వకాలమంతయు పంచభక్ష్యముల కాలమని ప్రతాపరెడ్డిగారు భ్రమపడలేదు. మంచినెంత శ్రద్ధగా వ్రాసినారో జూదమును, మూఢవిశ్వాసములను, కులకలహములను అంత శ్రద్ధగా వ్రాసినారు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున ఒక తీరున, చలికాలమున ఒక తీరున, ఎండకాలమున ఒక తీరున ఋతువునకు తగిన భోజనము పెట్టుట కలదు. ఆ కాలముననే, సుమారు 1520 ప్రాంతమున, విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసువాడు పేయీస్ అంగళ్ళలో ద్రాక్ష, నారింజ, దానిమ్మపండ్లు చవుకగా అమ్ముచుండిరని వ్రాసినాడు. ఇవి కలిగినవారి పట్టణములు.

మరియొక ప్రక్క, శ్రీనాథునివని ప్రచారములో నున్న చాటువులలో పలనాటి జొన్నకూటిని గూర్చిన వెక్కిరింత కలదు. సన్నబియ్యమునకు అలవాటుపడిన రాజకవికి జొన్నన్నము మ్రింగుడు పడలేదు. ఆ చాటువులను చదివి నవ్వుట సులభము. కాని జొన్నరొట్టె తిని పెరిగిన నడిగడ్డవానికి అది పలనాటి సామాన్యుడు ఏమి తిని బ్రతికెనో చెప్పు వాంగ్మూలము. కవి ఎవరిని ఎగతాళి చేసినాడో వారే చరిత్రకారునికి కావలసినవారు. సన్నబియ్యము తిన్నవారి సంగతి వ్రాయుటకు కవులున్నారు. జొన్నలు తిన్నవారి సంగతి, వారిని నిందించిన పద్యములోనుండియైనను ఏరుకొనవలసినదే.

గుమ్మములోని మనిషి

పూటకూటి ఇంటిని గూర్చి అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. లోపల ఏమి వడ్డించినారన్నది మొదటి ప్రశ్న యైనచో, లోనికి ఎవరిని రానిచ్చినారన్నది రెండవది. ఓరుగంటి స్నేహితులు ఇద్దరును పైకులములవారు. వారు చూచిన ఆ వీధులలోనే పందెపు కోడిని పెంచినవాడు, చెప్పులు కుట్టినవాడు, డప్పు వాయించినవాడు ఉండిరి. వాని చేతిలోను రూక ఉండవచ్చును. రూక ఉన్నంతమాత్రమున వానికి ఆ పంక్తిలో చోటులేదు. ఇల్లు, కులపెద్ద అను బరువులను దింపగలిగిన రూక ఈ బరువును దింపలేకపోయినది. ఇరువదవ శతాబ్దిలో హోటళ్ళు వెలసిన తరువాత సహితము కులమునుబట్టి వేరు గదులు, వేరు వరుసలు పెట్టినవారు ఉండిరి. పల్లెటూరి చాయదుకాణములలో హరిజనులకు వేరు గ్లాసు పెట్టు దురాచారము ఆ శతాబ్ది చివరిదాకను సాగినది.

సాంఘిక చరిత్రము అచ్చైన 1949వ సంవత్సరముననే, నవంబరు 26వ తేదీన, భారత రాజ్యాంగమును రాజ్యాంగసభ ఆమోదించినది. అందు పదునైదవ అధికరణము దుకాణములు, భోజనశాలలు, హోటళ్ళలో ప్రవేశించుటకు కులము గాని, మతము గాని ఎవరికిని అడ్డము కారాదని శాసించినది. ఒక మహాదేశపు మూలశాసనములో హోటలు పేరు వ్రాయవలసివచ్చినదనగా, ఆ గుమ్మము ఎంత ఎత్తైనదో ఊహింపవచ్చును. భోజనశాల చరిత్రకు తగిన విషయము కాదని తలచినవారికి ఇంతకంటె గట్టి సమాధానము లేదు. రాజ్యాంగవేత్తలు చట్టమున చెప్పినదానిని ప్రతాపరెడ్డిగారు చరిత్రమున చూపినారు: ఒక జాతి ఎట్లు కలిసి కూర్చుండునో, ఎవరిని దూరముగా నిలుపునో, అదియే దాని నిజమైన చరిత్రము.

చివరి దినములు

1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు కాంగ్రెసు అభ్యర్థిగా వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. ఏ సంస్థానపు రాజధానిలో ఒకనాడు రాజు మాటయే శాసనమో, అక్కడి రైతులు, కూలీలు చీటీ వేసి తమ ప్రతినిధిగా ఒక పండితుని పంపినారు. కాని ఆ బాధ్యతను నిర్వహించుటకు కాలము వారికి ఎక్కువ గడువు ఇయ్యలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన, ఏబదియేడేండ్ల ప్రాయమున, వారు దివంగతులైనారు.

కేంద్ర సాహిత్య అకాడమీ తన మొట్టమొదటి బహుమానములను 1955లో ప్రకటించినప్పుడు తెలుగున ఆ గౌరవము ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు దక్కినది. అందుకొనుటకు రచయిత లేరు. తెలుగున తొలి అకాడమీ బహుమానము కావ్యమునకు గాక, నవలకు గాక, సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలను వర్ణించిన చరిత్రమునకు వచ్చుట గమనింపదగినది. అదే 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము అమలులోనికి వచ్చి, కులము పేరిట హోటలులోనికి రానీయకుండుట శిక్షకు పాత్రమైన నేరమైనది. ఈ రెండును ఒకే సంవత్సరమున జరుగుట కాకతాళీయమే. అయినను ప్రతాపరెడ్డిగారి గ్రంథమును చదివినవారికి ఈ రెండు సంగతులు ఒకదాని ప్రక్కన ఒకటి ఒదిగినట్లే తోచును.

తరువాత హైదరాబాదు టాంకుబండుపై వారి విగ్రహము నిలిచినది. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టినారు. విగ్రహములు, పేర్లు పెద్దలకు చేయదగిన మర్యాదలే. కాని వారి పని పూర్తికాలేదన్నది వాని నీడలో మరువరాదు. 1907 దగ్గర వారు ఆపిన కథను ముందుకు నడుపవలసినవారు తరువాతివారు.

హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు రహదారి నేడు కొత్తకోట, పెబ్బేరు దాటి, కృష్ణ దాటి, వారి నడిగడ్డ మీదుగానే పోవుచున్నది. ఆ దారి పొడవునను ధాబాలు వెలసినవి. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు బస్టాండుల చుట్టును టిఫిను హోటళ్ళు, బిర్యానీ హోటళ్ళు, చాయ దుకాణములు. సాయంకాలము నలుగురు స్నేహితులు పని ముగించుకొని వచ్చి, బల్లచుట్టు కూర్చుండి, ఒకరి బిల్లు ఒకరు ఇత్తుమని వాదులాడుకొందురు. ఒకనాడు కలిగినవారి పండుగవంటయైన వరియన్నము ఇప్పుడు అందరి విస్తరిలోనికి వచ్చినది; బీదల కూడైన జొన్నరొట్టె ఆరోగ్యమున కని పట్టణవాసులు వెదకికొని తిను పదార్థమైనది. రూక పోయి రూపాయి, రూపాయి పోయి చేతిఫోనుతో చెల్లింపు వచ్చినవి. వంటకముల పేర్లు ఏటేట మారుచున్నవి.

ఈ పేర్లను, ఈ వెలలను, ఈ బల్లల చుట్టు కూర్చున్నవారిని, కూర్చుండలేక బయట నిలిచినవారిని ఎవరైనను వ్రాసిపెట్టుచున్నారా? వ్రాయనిచో, రెండువందల యేండ్ల తరువాతి నిఘంటువులో ఇవన్నియు భక్ష్యవిశేషములుగా మిగులును. అట్లు మిగులరాదనియే సురవరము ప్రతాపరెడ్డిగారు ఒక జీవితకాలము శ్రమించినారు.